రేడియేటర్‌లో పచ్చిపులుసు

రేడియేటర్‌లో చింతపండు పులుసు పోయకూడదు. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ ఉండదు. ఎందుకంటే అలాంటి పని ఎవడైనా చేస్తాడని పుస్తకాలు రాసేవాళ్లకు తోచదు. నేను చేశాను. అదీ పని నేర్చుకునే రోజుల్లో కాదు. నలభై ఏళ్లకు పైగా బండ్లు బాగుచేసి, చేయి తిరిగినవాడని పేరు తెచ్చుకుని, ఇంకో రెండు మూడేళ్లలో పని మానేద్దామని అనుకుంటున్న రోజుల్లో చేశాను.

కొత్తగా మెకానిక్ పనిలోకి వస్తున్నవాళ్ల కోసం నీ అనుభవం ఒకటి రాసిమ్మని మా మానుకోట మెకానిక్‌లు అడిగారు. "మంచిగ చేసిన పని ఒకటి రాయి అన్నా" అన్నారు. మంచిగ చేసిన పనులు చాలానే ఉన్నాయి. కానీ వాటి గురించి చెప్పడానికి ఏముంటుంది? బండి వచ్చింది, బాగైంది, పోయింది. మూడు మాటల్లో అయిపోతుంది. అందుకని ఇది రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. రాస్తే మా ఉస్తాద్‌కు కోపం వస్తుంది. టీచరమ్మకు అంతకన్నా ఎక్కువ వస్తుంది.

ఉస్తాద్ది జనగామ. నేను మీసాలు రాని వయసులో అక్కడే ఆయన దగ్గర పానా పట్టాను. తర్వాత ఆయన మహబూబాబాద్‌లో, అంటే మా మానుకోటలో, షెడ్డు పెడితే వెంట వచ్చాను, అక్కడే ఉండిపోయాను. మా ఇద్దరికీ పదేళ్లే తేడా. అయినా ఆయన ముందు నేను ఎప్పుడూ నిలబడే మాట్లాడాను. ఆయనకు పాత బండ్లంటే ప్రాణం. కొత్త బండ్లు వస్తే నా వైపు తోసేవాడు, పాతవి వస్తే తనే ఎదురెళ్లేవాడు.

టీచరమ్మ కారు అలాంటి పాతదే. తెల్లటి పెద్ద కారు; దాన్ని తయారుచేయడం మానేసి చాలా ఏళ్లయింది. ఆమె భర్త కొన్న బండి. ఆయన పోయాక అమ్మేస్తుందని అందరూ అనుకుంటే, ఆమె డ్రైవింగు నేర్చుకుంది. నర్సింహులపేటలో హెడ్మాస్టరుగా చేసినన్నాళ్లు అదే కారులో బడికి పోయింది, అదే కారులో రిటైరై వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి. మలుపు మలుపుకూ బడి గంట కొట్టినట్టు హారన్ కొట్టేది.

ఏప్రిల్ మొదట్లో ఒక పొద్దున ఆ కారు షెడ్డు ముందుకొచ్చి ఆగింది. ఆమె దిగి, తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"ఇది నర్సంపేట దాటంగనే కాగుతది," అంది. "కాగొద్దు."

"ఎక్కడికి పోవాలె మేడం?"

"టేకుమట్ల దిక్కు. మా చెల్లె ఊరికి. శనివారం పదకొండు కొట్టే వరకు అక్కడ ఉండాలె."

నేను మంచి మాటే చెప్పాననుకుని, "గంత దూరం గీ బండి ఎందుకు మేడం? బస్సుల పోతే అల్కగ పోవచ్చు గదా," అన్నాను.

ఆమె నన్ను బెంచీ ఎక్కించేటట్టు చూసింది. "నీకు చెల్లె ఉందా?"

"ఉంది మేడం."

"నీతోని మాట్లాడుతదా?"

"మస్తు మాట్లాడుతది."

"అయితే నీకు తెల్వది," అని, పాత టైర్ల మీద పేపరు పరుచుకుని కూర్చుని, సంగతంతా చెప్పింది.

తొమ్మిదేళ్ల కింద ఆమె చెల్లెలి కూతురి పెళ్లి. ఈమె ఇదే కారు వేసుకుని పొద్దున్నే బయల్దేరింది. నర్సంపేట దాటాక కారు కాగి, పొగలు కక్కి ఆగిపోయింది. నీళ్లు పోసి, చల్లారాక నడిపి, మళ్లీ ఆగి, ఈమె పెళ్లి ఇంటికి చేరేసరికి అప్పగింతలు కూడా అయిపోయాయి. పందిరి విప్పుతున్నారు. చెల్లెలు ఒకటే మాట అంది: "రాబుద్ది గాలేదని చెప్పు. కారు మీద పెట్టకు."

"గంత మాట ఎందుకన్నది మేడం?" అన్నాను.

టీచరమ్మ గొంతు తగ్గించింది. "సంబంధం కుదిరినప్పుడు నేనొక మాటన్న. పిల్లగాడు పొట్టిగున్నడని."

"పొట్టిగుండెనా?"

"పొట్టిగనే ఉండె. ఇప్పటికీ పొట్టిగనే ఉన్నడు."

అప్పటి నుంచి అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. ఇప్పుడు చెల్లెలు అంగన్‌వాడీ టీచరుగా రిటైరవుతోంది. ఊళ్లో సన్మానం పెట్టారు. ఆహ్వానం కార్డు మీద "అక్కకు" అని మాత్రం రాసి పంపింది. రమ్మనీ రాయలేదు, రావద్దనీ రాయలేదు.

"బస్సుల పోతిననుకో," అంది టీచరమ్మ, "ఆ రోజు గీ బస్సుల రావచ్చు గదా అంటది. ఆటోల పోతే ఆటోల రావచ్చు గదా అంటది. గిదే కారుల పోవాలె, గదే తొవ్వల పోవాలె, టైముకు పోవాలె. కాగొద్దు."

ఉస్తాద్ బానెట్ లేపి, రేడియేటర్ మూత తీసి లోపలికి చూశాడు. టార్చి వేసి మళ్లీ చూశాడు. నర్సింహులపేట బడిలో బోరింగు నీళ్లు ఉప్పునీళ్లు. ఏళ్ల తరబడి అవే పోశారు. లోపల గోధుమ రంగు పెచ్చులు కట్టి ఉన్నాయి.

"అందర్ పత్థర్ జమ్ గయా తమ్మీ. లోపల రాయి కట్టింది," అన్నాడు. "ఉట్టి నీళ్లతోని పోదు. దీనికి మందుంటది. నేను జనగామ పోతున్న గద, హోస్ పైపులు, మందు రెండూ పట్టుకొస్త. నేనొచ్చేదాక నీళ్లతోని కడుగు. గంతే. ఇంకేం చెయ్యకు."

ఆ ఆఖరి మాట ఆయన ఎందుకన్నాడో నాకిప్పుడు తెలుసు. ఆయనకు నేను నలభై ఏళ్లుగా తెలుసు.

సోమవారం వెళ్లిన ఉస్తాద్ బుధవారానికి కూడా రాలేదు. ఫోన్ చేస్తే, పైపు దొరికింది కానీ మందు దొరకలేదనీ, ఒకాయన తెప్పిస్తానన్నాడనీ చెప్పాడు. శనివారం దగ్గరపడుతోంది. ఆ సాయంత్రం ఇంటికి పోతే మా ఆవిడ పెరట్లో రాగి బిందె తోముతోంది. నల్లబడ్డ బిందె మీద చింతపండు పెట్టి రుద్దింది, నీళ్లు పోసింది. బిందె తళతళలాడింది.

నేను అక్కడే నిలబడిపోయాను. పాత కార్ల రేడియేటర్ కూడా రాగీ ఇత్తడే కదా. బిందెకు పనిచేసింది రేడియేటర్‌కు ఎందుకు పనిచేయదు?

"చింతపండు ఎంతుంది ఇంట్ల?" అన్నాను.

"రెండు కిలోలుంది. ఎందుకు?"

"కిలో ఇయ్యి."

"ఎవరికి దావత్?"

"కారుకు," అన్నాను. మా ఆవిడ ఇంకేమీ అడగకుండా లోపలికి పోయి తెచ్చి ఇచ్చింది. పెళ్లయిన కొత్తలో అయితే అడిగేది.

మర్నాడు పొద్దున పని మొదలుపెట్టాను. ఎలా చేశానో కొంచెం చెప్పాలి, లేకపోతే ఎక్కడ తప్పానో మీకు తెలియదు. బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీశాను. రేడియేటర్ అడుగున ఉండే చిన్న నల్లా విప్పి పాత నీళ్లు వదిలాను. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను ఆపి ఉంచే థర్మోస్టాట్ తీసి పక్కన పెట్టాను. కింది నుంచి పైకి, అంటే నీళ్లు మామూలుగా తిరిగే దిక్కుకు ఎదురుగా, పైపు పెట్టి కడిగాను. ఇంతవరకు ఉస్తాద్ చూసినా శభాష్ అనేవాడు.

తర్వాత పులుసు. వేడినీళ్లలో నానబెట్టి, పిసికి, మా ఆవిడ పాత చున్నీతో రెండుసార్లు వడకట్టి పోశాను. అది మూలమూలకూ చేరాలని హీటర్ నాబ్ కూడా తెరిచాను. హీటర్ అంటే చలికాలంలో కారు లోపల వెచ్చగా ఉండడానికి పెట్టిన చిన్న రేడియేటర్. వేడినీళ్లు దాని గుండా పోతాయి, దాని వెనక ఫ్యాను తిరుగుతుంది. మానుకోటలో హీటర్ వేసుకున్నవాడిని నేను ఇప్పటిదాకా చూడలేదు. అయినా బండి చేసినవాళ్లు పెట్టారు, కాబట్టి అది ఉంది. ఇంజన్ కాసేపు నడిపి ఆపి, అలాగే వదిలేశాను. మధ్యాహ్నం ఇంకోసారి, సాయంత్రం ఇంకోసారి నడిపాను.

షెడ్డంతా పులుసు వాసన. పక్క దుకాణంలో పంక్చర్లు వేసే ఆయన రెండుసార్లు వచ్చి తొంగిచూశాడు. మూడోసారి ప్లేటు పట్టుకుని వచ్చాడు.

శుక్రవారం పొద్దున నల్లా విప్పితే చిక్కటి నల్లటి నీళ్లు, వాటి వెంట పెచ్చులకు పెచ్చులు! నా సంతోషం చెప్పలేను. ఉస్తాద్ మందు కోసం జనగామలో తిరుగుతుంటే నేను వంటింట్లో కనిపెట్టేశాననుకున్నాను. మంచినీళ్లు పెట్టి కడగడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే టీచరమ్మ వచ్చింది. కారులో కూర్చుని, ఇంజన్ చప్పుడు వింటూ, "ఏమయ్యా, కాళ్లు కాలుతున్నయ్ ఇక్కడ," అని అరిచింది. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి హీటర్ నాబ్ మూసేశాను.

తమ్ముళ్లూ, ఇక్కడ ఆగి ఈ ఒక్క వాక్యం చదవండి. అక్కడే తప్పాను. నాబ్ మూయడంతో కడిగే నీళ్లు హీటర్‌లోకి పోలేదు. ఇంజన్, పెద్ద రేడియేటర్ శుభ్రంగా అయ్యాయి. హీటర్‌లో మాత్రం పులుసు అలాగే ఉండిపోయింది, దాని పైన ఇంత గాలి కూడా ఉండిపోయింది. నేను థర్మోస్టాట్ బిగించి, పచ్చటి కూలెంట్, బ్యాటరీలో పోసే నీళ్లు కలిపి నింపి, మూత పెట్టి, స్టేషను దాకా ఒక చుట్టు కొట్టి వచ్చాను. వేడి చూపే ముల్లు నడిమధ్యలో నిలబడింది. నేను మీసం దువ్వుకున్నాను.

"మంచిగయిందా?" అంది టీచరమ్మ.

"టేకుమట్ల ఏంది మేడం, కాశీ పోయిరాండ్రి."

"కాశీల నాకు చెల్లె లేదు. నువ్వు సుత రేపు నాతోని రావాలె. పొద్దున ఆరున్నరకు."

శనివారం ఆమె పట్టుచీర కట్టుకుని, ముఖానికి పౌడరు రాసుకుని, మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. తనే నడిపింది. నేను పక్కన కూర్చున్నాను. పూజలో దీపం చూసినట్టు ముల్లు వంకే చూస్తున్నాను. నర్సంపేట వచ్చింది. ముల్లు కదల్లేదు. నర్సంపేట దాటాం. ఆమె నా వైపు చూసి, మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు అయిపోకముందే ముల్లు లేచింది.

హీటర్‌లో చిక్కిన గాలి కుదుపులకు కదిలి ఇంజన్‌లోకి చేరింది. గాలి ఉన్నచోట నీళ్లు తిరగవు. నీళ్లు తిరగనిచోట ఇనుము కాగుతుంది. ఇవన్నీ తర్వాత అర్థమయ్యాయి. అప్పుడు మాత్రం నాకు తెలిసిందల్లా ఆ ముల్లు ఎర్రగీత వైపు నడుస్తోందని. బండి పక్కకు ఆపించాను. చుట్టూ మిరప తోటలు, పైన ఎండ. ఉస్తాద్‌కు ఫోన్ కలిపాను. బానెట్ లేపి గొట్టాలు తడిమిన చేతులు నూనెగా ఉన్నాయని స్పీకరు పెట్టాను. అదీ తప్పే.

"హవా పకడ్‌లియా," అన్నాడు ఉస్తాద్ వినగానే. "గాలి పట్టింది. హీటర్ పూరా ఖోల్, మొత్తం తెరువు. ఫ్యాను ఫుల్ పెట్టు. హీటర్ సుత ఒక రేడియేటరే గద, జర వేడి గుంజుతది. మెల్లగ పోండ్రి." అంతలో ఆయనకు అనుమానం వచ్చింది. "మందు నా సంచిల ఉంది. నువ్వేం పోసి కడిగినవ్?"

నేను స్పీకరు ఆపబోయాను, బటన్ దొరకలేదు.

"తమ్మీ. క్యా డాలా తూ? ఏం పోసినవ్?"

"చింతపండు, ఉస్తాద్."

ఆయన, "యా అల్లా," అని పెట్టేశాడు.

నేను టీచరమ్మ వైపు చూడలేక ముల్లు వైపు చూశాను. ఆమె స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకు చూస్తోంది. చివరికి ఒకే ప్రశ్న అడిగింది.

"గింజలు తీసినవా?"

"తీసిన మేడం. వడగట్టిన."

"నడువు," అని బండి స్టార్ట్ చేసింది.

ఏప్రిల్ ఎండలో, పట్టుచీరలో, హీటర్ ఫుల్లుగా పెట్టుకుని పరకాల దిక్కు పోయాం. ముల్లు మాత్రం దిగింది. ఉస్తాద్ మాట ఎప్పుడూ తప్పలేదు. మా ఇద్దరి కాళ్లూ ఉడుకుతున్నాయి. ఆమె పౌడరు చారలు చారలుగా కారింది. కిటికీలన్నీ తెరిచాం, బయటి నుంచి కూడా వడగాలే వచ్చింది.

కాసేపటికి ముందు అద్దం మసకబారింది. నేను గుడ్డతో తుడిచాను. మళ్లీ మసకబారింది. అప్పుడు వాసన వచ్చింది. ఘాటుగా, పుల్లగా, నోట్లో నీళ్లూరేట్టు. నాకు సంగతి అర్థమైంది. ఆ పాత హీటర్‌కు ఎన్నేళ్ల కిందో సన్నటి చిల్లులు పడ్డాయి. ఇన్నాళ్లూ వాటిని మూసి ఉంచింది ఆ రాయే. నా పులుసు రెండు రోజులు అందులో కూర్చుని రాయినంతా కరిగించి, చిల్లులు తెరిచింది. ఇప్పుడు వేడి పులుసు ఆవిరై ఫ్యాను గాలికి నేరుగా మా ముఖాల మీదికి వస్తోంది.

పరకాల చౌరస్తాలో ఆగితే పక్కన బండి మీద ఉన్న ముసలాయన కిటికీలోకి వంగి, "అమ్మా, వెనుక గిన్నె ఒలికినట్టుంది, సూసుకోండ్రి," అన్నాడు.

"ఒలకలే," అంది టీచరమ్మ. "పోపు పెట్టలే. గంతే."

అక్కడి నుంచి ఆగి నీళ్లు పోయడం, మళ్లీ నడవడం. రెండుసార్లు ఆగాం. మూడోసారి ఆపుదామన్నాను. ఆమె గడియారం చూసుకుంది. పదకొండుకు పది నిమిషాలుంది. "ఊరు కనబడుతుంది. ఆగను," అంది. ముల్లు ఎర్రగీత మీదుంది. నేను కళ్లు మూసుకున్నాను.

ఆ ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఎర్ర కుర్చీలు, మైకు, దండలు. అంగన్‌వాడీ చిన్నపిల్లలంతా ముందు వరుసలో చాప మీద కూర్చున్నారు. చెల్లెలు వేదిక మీద మధ్య కుర్చీలో ఉంది. మా బండి సందులోకి తిరుగుతూనే బుస్సుమంది. ముందు నుంచి తెల్లటి ఆవిరి షామియానా ఎత్తుకు లేచింది. మూత దగ్గర పచ్చనీళ్లు ఎగజిమ్మాయి. పిల్లలందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్లు ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారు.

ఆ ఆవిరిలోంచి టీచరమ్మ దిగింది. చీర తడిసి ఒంటికి అంటుకుంది. పూలు ఒకవైపు జారాయి. ముఖం మీద పౌడరు, చెమట కలిసి ముగ్గు పిండిలా అయ్యాయి. ఒళ్లంతా పచ్చిపులుసు వాసన. మైకు పట్టుకున్నాయన మాట్లాడడం ఆపేశాడు.

నా పరువు పోయిందని నేను అనుకుంటున్నాను. ఇంక ఈ షెడ్డూ వద్దు, పానా వద్దు, ఇటునుంచి ఇటే మా ఊరికి పోదామనుకుంటున్నాను. చెల్లెలు వేదిక దిగి వచ్చింది. అక్కను చూడలేదు. నేరుగా కారు దగ్గరికి పోయి, ఆ ఆవిరిని, కిందికి కారుతున్న నీళ్లను, బుసబుసమంటున్న మూతను చూసింది. చాలాసేపు చూసింది.

"గిట్లనే అయిందా? ఆ రోజు?"

"గిట్లనే," అంది టీచరమ్మ.

"గింత కాగిందా?"

"ఇంకా ఎక్కువ."

"మరి గిట్ల కాగిందని చెప్పకపోతివి!"

"చెప్పిన గదనే! చెప్తే ఇన్నవా నువ్వు?"

ఇవాళ కాగిన కారు తొమ్మిదేళ్ల కింద కాగినట్టు రుజువా, అని కోర్టులో అయితే అడుగుతారు. ఆ ఇంటి ముందు ఎవరూ అడగలేదు. కారు చల్లగా, ముల్లు కదలకుండా, దర్జాగా వచ్చి ఆగి ఉంటే ఏమయ్యేదో నాకు అప్పుడే తట్టింది. "చూసినవా, మంచిగనే నడుస్తది, ఆ రోజే నీకు రాబుద్ది గాలే" అనేది చెల్లెలు. ఇంత మామూలు సంగతి టీచరమ్మకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. నేను పని సరిగ్గా చేసి ఉంటే వాళ్లిద్దరికీ జన్మలో మాటలుండేవి కావు.

చెల్లెలు లోపలికి పోయి తడి తువ్వాలు తెచ్చింది. అందరి ముందూ అక్క ముఖం పట్టుకుని తుడిచింది. "గీ ఎండల పట్టుచీర ఎవరు కట్టుకోమన్నరు నిన్ను? ముసల్దానివైతున్నవ్, బుద్ధి రాలే," అని తిడుతూ తుడిచింది. టీచరమ్మ చిన్నపిల్లలా ముఖం ఇచ్చి నిలబడింది. ముక్కు ఒకసారి ఎగబీల్చింది. అప్పుడు చెల్లెలికి వాసన తగిలింది.

"గీ పులుసు వాసన ఏందే?"

నేను నేల చూశాను. నిజం చెబితే తప్పు కారుది కాదు, నాది అవుతుంది. అప్పుడు మొత్తం కథ మొదటికొస్తుంది. టీచరమ్మ తడుముకోలేదు.

"ఇనుము బాగ కాగితే పుల్లటి వాసన వస్తది. రసాయన చర్య. ఆరో తరగతిల చెప్తరు," అంది, ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన గొంతుతో. చుట్టూ ఉన్నవాళ్లంతా తలూపారు. ముందు వరుసలోని పిల్లలు కూడా తలూపారు. వాళ్లు ఆరో తరగతికి వచ్చాక ఏమైందో నాకు తెలియదు.

సన్మానం జరుగుతుంటే నేను వెనకాల బండి పని చూశాను. హీటర్‌కు పోయే గొట్టాలు రెండూ విప్పి, వాటిని ఒకదానికొకటి కలిపి బిగించాను. అంటే హీటర్‌ను పూర్తిగా తప్పించాను. వచ్చినవాళ్లకు తాగడానికి తెచ్చిన శుద్ధి నీళ్ల డబ్బా ఒకటి అడిగి తీసుకుని నింపాను. ఈసారి మూత తీసే ఉంచి ఇంజన్ నడిపాను. బుడగలు వచ్చినంతసేపూ రానిచ్చి, నీళ్లు తగ్గినప్పుడల్లా పోశాను. బుడగలు ఆగాకే మూత పెట్టాను. ముల్లు నడుమకు వచ్చి నిలబడింది. శుక్రవారం నేను చేయాల్సిన పని అది.

అప్పుడు వచ్చాడు చెల్లెలి భర్త. ఆయన బొగ్గుబాయిలో నీళ్లు తోడే పంపుల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. కేకు తేవడానికి భూపాలపల్లి పోయి, అది ఎండకు కరగకుండా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చేసరికి ఆలస్యమైంది. వదినెను చూసి ఆశ్చర్యపోయాడు, నమస్కారం పెట్టాడు. చెల్లెలు ఆయన చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకొచ్చింది.

"చూడు. గీ కారు ఎట్ల కాగిందో అక్కకు. పొగలు పొగలు! షామియానా దాక లేచింది."

ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టాడు. వంగి ముల్లు చూశాడు. చెవి పెట్టి ఇంజన్ విన్నాడు. "ఇది కాగే బండి కాదు," అన్నాడు. "నేను ఇరవై ఎనిమిదేండ్లు ఇంజన్లు చూసిన. గడియారం నడిచినట్టు నడుస్తుంది."

"నేను నా కండ్లతోని చూసిన!"

"ఏం చూసినవో మరి. అప్పుడు సుత నేను గదే అన్న. కారు కాదు, రాబుద్ది గాలే అని."

తొమ్మిదేళ్లుగా ఆ మాట ఎవరిదో అప్పుడు బయటపడింది. చెల్లెలు నడుముకు కొంగు చుట్టింది.

"మా అక్క అబద్ధమాడుతదా? ముప్పై ఏండ్లు బడిపిల్లలకు నిజం చెప్పాలని చెప్పిన మనిషి! ఏమయ్యా మెకానిక్, మళ్లొక్కపారి కాగబెట్టు దీన్ని. చూపిస్త ఈయనకు."

నా జీవితమంతా బండ్లు కాగకుండా చూడడంలోనే పోయింది. కాగబెట్టమని అడిగింది ఆమె ఒక్కతే. కాదనలేకపోయాను. రేడియేటర్ ముందు కేకు అట్టపెట్టె అడ్డం పెట్టాను. ఇంజన్ రేసు చేశాను. పదిహేను నిమిషాలు గడిచాయి. జనం చుట్టూ మూగారు. చెల్లెలు ముల్లును "లేవ్వే, లేవ్" అని బతిమాలింది. ముల్లు ఒక్క వెంట్రుక పైకి లేచి, మళ్లీ దిగింది. లోపల రాయనేది లేకుండా పోయింది కదా. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, చింతపండు దాని పని అది చేసింది.

"చూసినవా?" అన్నాడు ఆయన.

"నీతోని నాకు మాటల్లేవు పో," అంది చెల్లెలు. లోపలికి పోయి, సంచిలో నాలుగు చీరలు పెట్టుకుని వచ్చి, కారు వెనక సీట్లో కూర్చుంది. "అక్కా, పది రోజులు మీ ఇంట్ల ఉంట. ఈయన కేకు ఈయననే తినమను."

మూడింటికి ఎండ కొంచెం తగ్గాక బయల్దేరాం. ఈసారి నేనే నడిపాను. అక్కాచెల్లెళ్లు వెనక కూర్చుని పరకాల దాకా ఒక్క క్షణం ఆగకుండా మాట్లాడుకున్నారు. తొమ్మిదేళ్లలో ఎవరెవరు పోయారో, ఎవరికి పిల్లలు పుట్టారో, ఎవరి మోకాళ్లు అరిగాయో అన్నీ వచ్చాయి. పరకాల దాటాక అల్లుడి మాట వచ్చింది.

"మంచోడే," అంది టీచరమ్మ. "నేనేమన్న చెడ్డోడన్ననా? పొట్టిగున్నడన్న. ఉన్నడు గద."

అంతే. వెనక మాటలు ఆగిపోయాయి. అద్దంలో చూస్తే ఒకామె ఈ కిటికీలోంచి, ఇంకొకామె ఆ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఒక ఊరు పోయింది, రెండు ఊళ్లు పోయాయి. నర్సంపేట వచ్చింది. ఇంకా మాటల్లేవు. పొద్దుటి నుంచి నేను పడిన పాట్లన్నీ గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మేడం," అన్నాను, "ముల్లు లేస్తుంది."

ఇద్దరూ ఒక్కసారి ముందుకు వంగారు. నా భుజానికి అటు ఒక తల, ఇటు ఒక తల. ముల్లు నడిమధ్యలో కదలకుండా ఉంది. ఇద్దరూ కాసేపు దాన్నే చూశారు, తర్వాత నన్ను చూశారు.

మహబూబాబాద్ వచ్చేదాకా ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు.